తనకు అనుకూలమైన మాటకూ రుజువు అడిగిన బాబాసాహెబ్

 

ప్రతి ఏప్రిల్ 14కీ, డిసెంబర్ 6కీ మన వాడల్లో మైకు పెడతాం. పాటలుంటాయి, ఉపన్యాసాలుంటాయి. ఆ ఉపన్యాసాల్లో ఒక మాట తప్పకుండా వినపడుతుంది. మనం ఈ నేల మూలవాసులం, బ్రాహ్మణులు బయటి నుంచి దండెత్తి వచ్చిన ఆర్యులు, మనల్ని ఓడించి అంటరానివాళ్లను చేశారు అని. చప్పట్లు కూడా ఆ మాటకే ఎక్కువ పడతాయి. నేనూ చాలా ఏళ్లు ఆ చప్పట్లు కొట్టినవాణ్ణే. వేదికెక్కి ఆ మాట చెప్పినవాణ్ణి కూడా. తర్వాత ఒకరోజు బాబాసాహెబ్ రాసిన శూద్రులెవరు అనే పుస్తకం తెరిచి కుదురుగా చదివితే, ఆయన ఆ మాటనే ముక్కముక్కగా పరీక్షించి, నిలబడదని పక్కన పెట్టేసి ఉన్నారు. సిగ్గేసింది. ఆయన బొమ్మ కిందే నిలబడి, ఆయన కాదన్న మాటను ఆయన పేరు మీదే చెబుతూ వచ్చాం గదా!

అందుకని ఈసారి బాబాసాహెబ్ జీవితాన్ని ఈ ఒక్క దారం పట్టుకుని చెప్పుకుందాం. ఆయన పదవులు, చదువులు మీకందరికీ తెలిసినవే. ఎదుటివాడి మాటకు రుజువు అడగడం అందరూ చేసేదే. తన వాళ్లకు నచ్చే మాటకు, తనకు పనికొచ్చే మాటకు కూడా ఆయన రుజువు అడిగారు. అది ఎక్కడెక్కడ, ఎలా అడిగారో చూడండి.

1891 ఏప్రిల్ 14న మౌ కంటోన్మెంటులో పుట్టిన భీమ్‌రావ్‌కు ఈ అలవాటు చిన్నప్పుడే పడింది. తండ్రి రామ్‌జీ సుబేదారు, కబీర్‌పంథీ, భక్తిపరుడు. ఇంట్లో పిల్లలు రోజూ రామాయణ భారతాలు చదవాల్సిందే. ఇంగ్లీషు నాలుగో తరగతి పాసైనప్పుడు కులపువాళ్లంతా కలిసి సభ పెట్టారు. ఆ సభకు అధ్యక్షత వహించిన కేలూస్కర్ గారు తాను మరాఠీలో రాసిన బుద్ధ చరిత్రను ఆ కుర్రవాడి చేతిలో పెట్టారు. అది చదివాక భీమ్‌రావ్ నేరుగా తండ్రినే అడిగాడు. బుద్ధుడి గురించి మాకెందుకు చెప్పలేదు, బ్రాహ్మణ క్షత్రియుల గొప్పలు, శూద్రులను, అంటరానివారిని తక్కువ చేసే కథలు మాతో ఎందుకు చదివిస్తున్నావు అని. తండ్రికి కోపం రాలేదు. మనం అంటరానివాళ్లం, మీకు న్యూనతాభావం రాకూడదని చదివించాను, ద్రోణుడు, కర్ణుడు ఎంత కింది నుంచి పైకొచ్చారో చూడండి, రామాయణం రాసిన వాల్మీకి కోలీ కులంవాడు అన్నాడు. ఆ జవాబులో ప్రేమ ఉంది, అర్థం కూడా ఉంది. కానీ కొడుక్కి తృప్తి కలగలేదు. భీష్ముడు, ద్రోణుడు, కృష్ణుడు చేసిన పనులు ఒక్కొక్కటీ చెప్పాడు. రాముడు శూర్పణఖతో, వాలితో, సీతతో ఎలా నడుచుకున్నాడో అడిగాడు. తండ్రి మౌనంగా ఉండిపోయాడు. ఇదంతా బాబాసాహెబే తన చివరి పుస్తకానికి రాసుకున్న ముందుమాటలో చెప్పారు. బౌద్ధం వైపు తాను మళ్లిన దారి అక్కడ మొదలైందని ఆయనే చెప్పుకున్నారు. మనసుకు ఊరటనిచ్చే మాట, మన మేలు కోరి చెప్పిన మాట అయినంత మాత్రాన అది సరైన మాట కాదని ఆ పిల్లవాడికి అప్పుడే తెలిసింది.

బరోడా మహారాజు సాయంతో 1913లో న్యూయార్కు వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ జాన్ డ్యూయీ పాఠాలు విన్నారు. ఏ నమ్మకాన్నయినా అనుభవంలో పెట్టి పరీక్షించాలి, ఫలితాన్ని బట్టి మార్చుకోవాలి అనేది డ్యూయీ పద్ధతి. 1916 మే 9న, ఇరవై అయిదేళ్ల వయసులో, అక్కడి మానవశాస్త్ర సదస్సులో కులాల పుట్టుక మీద పత్రం చదివారు. అప్పటి యూరప్ పండితుల్లో చాలామంది కులాన్ని రంగుతో, జాతితో ముడిపెట్టేవారు. వాళ్లకే రంగు పట్ల పట్టింపు ఉండటంవల్ల కులంలోనూ వాళ్లకు రంగే కనపడిందని ఈ యువకుడు ఆ పండితుల సభలోనే చెప్పారు. కులానికి ప్రాణం లోపలి పెళ్లిళ్లే, అంటే తన కులంలోనే పిల్లనిచ్చి పుచ్చుకోవడమే అని తేల్చారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ అక్కడికే వస్తారు.

తర్వాత లండన్. రూపాయి సమస్య మీద ఆయన రాసిన సిద్ధాంత గ్రంథం 1923లో అచ్చయింది. దానికి ముందుమాట రాసిన గురువు ఎడ్విన్ కానన్, శిష్యుడి వాదనల్లో చాలావాటితో తనకు ఏకీభావం లేదని ఆ ముందుమాటలోనే రాశాడు. శిష్యుడు దాన్ని అలాగే పుస్తకం ముందు పెట్టుకున్నాడు. మన దగ్గర ముందుమాటలంటే పొగడ్తలే గదా. కాదన్నవాడి మాటను తన పుస్తకంలోనే ఉంచుకోవడం ఆయనకు ఎంత సహజమో ముందు ముందు ఇంకా పెద్ద ఉదాహరణ చూస్తాం.

ఇప్పుడు మహాడ్ సంగతి. 1927 మార్చి 20న వేలమందితో వెళ్లి చౌదార్ చెరువులో నీళ్లు తాగిన ఘట్టం మనందరికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. డిసెంబర్ 25న మనుస్మృతిని తగలబెట్టిన ఘట్టం కూడా. కానీ ఆ రెండింటి మధ్యనా, ఆ తర్వాతా పదేళ్లు నడిచిన కోర్టు దావా గురించి మన ఉపన్యాసాల్లో పెద్దగా వినపడదు.

కథ ఇదీ. బొంబాయి శాసనమండలి 1923లోనే ప్రజాధనంతో నడిచే చెరువులు, బావులు అంటరానివారికీ తెరవాలని తీర్మానించింది. మహాడ్ మున్సిపాలిటీ కూడా ఒప్పుకుంది. కాగితం మీద హక్కు ఉంది, చెరువు దగ్గర లేదు. మార్చిలో మనవాళ్లు నీళ్లు తాగారు, దెబ్బలు తిన్నారు. సవర్ణులు చెరువును పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపిన కుండలతో శుద్ధి చేశారు. మళ్లీ డిసెంబర్‌లో సత్యాగ్రహం అని ప్రకటించేసరికి వాళ్లు కోర్టుకు పోయారు. ఈ చెరువు సవర్ణ హిందువులదే, అనాది కాలం నుంచి అంటరానివారిని రానివ్వని ఆచారం ఉంది అని దావా వేసి, ఇంజంక్షన్ తెచ్చారు. బాబాసాహెబ్ మొదటి ప్రతివాది.

డిసెంబర్‌లో వేలమంది చేరారు. జైలుకైనా సిద్ధమని పేర్లు రాయించుకున్నారు. మనసంతా వేడెక్కి ఉంది. అలాంటప్పుడు ఇంజంక్షన్ ఉంది, ఈసారి నీళ్లు ముట్టం అని సొంత జనానికి చెప్పడం ఎంత కష్టమో ఉద్యమాల్లో తిరిగినవాళ్లకే తెలుస్తుంది. ఆయన చెప్పారు. చెరువు చుట్టూ ఊరేగింపుగా తిరిగి వెనక్కి వచ్చారు. అది తప్పని ఆనాడూ అన్నవాళ్లున్నారు, ఈనాడూ అనేవాళ్లున్నారు. నా ఉద్దేశంలో మాత్రం ఆ రోజు వెనక్కి తగ్గడంవల్లే ఆ తర్వాతి పని కుదిరింది.

కోర్టులో ప్రశ్న ఏమిటి? ధర్మం ఏమిటి అని కాదు, శాస్త్రాల్లో ఏముంది అని కాదు. అనాది నుంచి ఆచారం ఉందంటున్నారు గదా, రుజువు చూపించండి అని. అనాది అనే మాట మన దేశంలో అన్ని నోళ్లూ మూయించే మాట. ఆ మాటను సాక్షిబోనులో నిలబెట్టారు. భూమి ఎవరి పేరు మీద ఉంది? మున్సిపాలిటీది. ఆ నీళ్లు ముస్లింలు వాడుకుంటున్నారా? వాడుకుంటున్నారు. పశువులు తాగుతున్నాయా? తాగుతున్నాయి. ఇటీవలి ఏళ్లలో అంటరానివారు అక్కడికి పోలేదన్నది నిజమే. కానీ పూర్వం ఎప్పుడైనా వస్తే ఆపారనడానికి ఆధారం ఏది? లేదు. 1931లో కింది కోర్టు, తర్వాత అప్పీలు కోర్టు, చివరికి 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు, అన్నీ మనవైపే తేల్చాయి. ఉందంటున్న ఆచారం అనాది కాలం నుంచి ఉందని వాదులు రుజువు చేయలేకపోయారని హైకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి బ్రూమ్‌ఫీల్డ్. 1922లో గాంధీ గారికి ఆరేళ్ల శిక్ష వేసినది ఆయనే.

పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లలో ఎంతమంది ఓపిక పోగొట్టుకున్నారో. కానీ అనాది ఆచారం అనే మాట రుజువు ముందు ఎలా కరిగిపోతుందో ఒక కోర్టు కాగితం మీద నమోదైంది.

ఈ మధ్యలోనే 1936లో లాహోర్‌లోని జాత్‌పాత్ తోడక్ మండల్ ఆయన్ను వార్షిక సభకు అధ్యక్షుడిగా పిలిచింది. ముందే పంపిన ఉపన్యాసం చదివి, శాస్త్రాల ప్రామాణ్యాన్ని కాదన్న భాగాలు తీసేయమంది. ఆయన ఒక్క కామా కూడా మార్చనన్నారు. సభ రద్దయింది. ఉపన్యాసాన్ని సొంత ఖర్చుతో 1500 ప్రతులు వేయించారు. అదే కులనిర్మూలన. దాని మీద గాంధీ గారు తన హరిజన్ పత్రికలో విమర్శ రాశారు. మరుసటి ఏడు రెండో ముద్రణ వేసినప్పుడు బాబాసాహెబ్ ఏం చేశారో చూడండి. గాంధీ గారి విమర్శను తన పుస్తకంలోనే అచ్చువేసి, దాని తర్వాత తన జవాబు పెట్టారు. ఎదుటివాడి మాటలో రెండు ముక్కలు తుంచి ఎగతాళి చేయడం తేలిక. ఆయన అవతలివాడి వాదన అంతా మీ ముందు పెట్టి, తర్వాత తన మాట చెప్పి, తీర్పు మీకు వదిలారు. వాట్సాప్‌లో సగం కత్తిరించిన వీడియోలు పంపుకునే మనకు ఇది కొంచెం గుచ్చుకోవాలి.

1943 జనవరిలో పూనాలో రానడే 101వ జయంతి సభలో మాట్లాడుతూ నాయకులను దేవుళ్లను చేసే అలవాటును ఆయన గట్టిగా విమర్శించారు. గాంధీ, జిన్నాల పేర్లు తీసి మరీ విమర్శించారు. పత్రికలు మండిపడ్డాయి. ఆరేళ్ల తర్వాత, 1949 నవంబర్ 25న, రాజ్యాంగ సభలో ఆఖరి ప్రసంగంలోనూ అదే హెచ్చరిక. మతంలో భక్తి ఆత్మకు మేలు చేస్తుందేమో గానీ, రాజకీయాల్లో అది నియంతృత్వానికి దారి అన్నారు. ఈ హెచ్చరికలో తన పేరుకు మినహాయింపు ఏమీ ఇచ్చుకోలేదు.

ఇక అసలు సంగతికి వద్దాం. శూద్రులెవరు అనే పుస్తకం 1946లో వచ్చింది. దాన్ని జోతిరావు ఫూలేకు అంకితమిచ్చారు. ఫూలే ఆయనకు గురువు. బుద్ధుడు, కబీరు, ఫూలే అని ముగ్గురు గురువుల్ని చెప్పుకున్నారు గదా. ఆ ఫూలే 1873లో రాసిన గులాంగిరీలో బ్రాహ్మణులు ఇరాన్ వైపు నుంచి దండెత్తి వచ్చిన ఆర్యులని, ఇక్కడివాళ్లను ఓడించి బానిసలను చేశారని రాశారు. మన మూలవాసి మాటకు వేరు అక్కడే ఉంది. అంకితం ఫూలేకి. లోపల ఒక అధ్యాయమంతా ఆ సిద్ధాంతం మీద పరీక్ష.

ఎలా పరీక్షించారు? మొదట సిద్ధాంతాన్ని దాని పక్షంవాళ్లు చెప్పినట్టే పూర్తిగా చెప్పారు. తర్వాత ఒక్కో ముక్కకూ ఆధారం వెతికారు. ఆర్య అనే పదం జాతి పేరా? ఋగ్వేదంలో హ్రస్వంతో ఉన్న రూపం 88 చోట్ల, దీర్ఘంతో ఉన్న రూపం 31 చోట్ల ఉందని లెక్క చూపించి, ఒక్కచోట కూడా జాతి అనే అర్థం లేదన్నారు. దస్యులు చప్పిడి ముక్కువాళ్లన్న మాట ఎక్కడిది? అనాస అనే ఒకే ఒక్క పదం నుంచి. మాక్స్‌ముల్లర్ దాన్ని అ–నాస అని విడదీసి ముక్కులేనివాళ్లన్నాడు. సాయణుడు అన్–ఆస అని విడదీసి నోరులేనివాళ్లు, అంటే మంచి మాట రానివాళ్లన్నాడు. దస్యులకు ముక్కు లేదని వేదంలో ఇంకెక్కడా లేదు కాబట్టి సాయణుడిదే సరి అన్నారు బాబాసాహెబ్. సాయణుడు బ్రాహ్మణ భాష్యకారుడని ఆయన వెనకాడలేదు. రంగు సంగతి? వేదంలోనే కణ్వుడు నల్లనివాడని ఉంది. దండయాత్ర సంగతి? దానికి వేదాల్లో తనకు ఆధారం కనపడలేదన్నారు.

ఒక్కసారి ఆలోచించండి. ఈ సిద్ధాంతం ఆయనకు ఎంత ఉపయోగం! బ్రాహ్మణుడు పరాయివాడు అని తేలితే రాజకీయంగా అంతకంటే పదునైన ఆయుధం ఏముంటుంది? ఆ ఆయుధం చేతికి అందుతూ ఉండగా పక్కన పెట్టారు, రుజువు లేదని.

ఇక్కడ రెండు సంగతులు చెప్పకపోతే నేను మిమ్మల్ని సగం మాటతో మోసం చేసినట్టే. మొదటిది, ఆర్య దండయాత్రను బాబాసాహెబ్ కాదన్నారు చూడండి అంటూ ఈ రోజుల్లో ఆయన్ను తమ గుడి అరుగు మీద కూర్చోబెట్టుకోవాలని చూసేవాళ్లున్నారు. ఆ అధ్యాయంలోనే ఆయన ఇంకో ప్రశ్న కూడా వేశారని వాళ్లు చెప్పరు. పాశ్చాత్యుల ఆర్య సిద్ధాంతాన్ని ఇక్కడి బ్రాహ్మణ పండితులు ఎందుకు ఎగబడి ఒప్పుకున్నారు అని. తెల్లవాడికి చుట్టమైపోవచ్చు, మిగతావాళ్ల మీద పెత్తనానికి కారణం చూపించుకోవచ్చు, అందుకని అన్నారు. ఆ పుస్తకం బ్రాహ్మణ్యానికి చుట్టం కాదు.

రెండోది, ఆయన చూసింది 1946 నాటికి దొరికిన ఆధారాలు. 2019లో పురాతన అస్థికల నుంచి తీసిన డీఎన్ఏ మీద పరిశోధనలు వెలువడ్డాయి. క్రీస్తుపూర్వం 2000–1500 మధ్య మధ్య ఆసియా గడ్డిమైదానాల జనం ఈ ఉపఖండంలోకి వలస వచ్చి ఇక్కడివాళ్లతో కలిశారని అవి చెబుతున్నాయి. ఇవాళ్టి భారతీయుల్లో దాదాపు అందరూ పాళ్లు వేరైనా కలగలిసిన రక్తమే అనీ చెబుతున్నాయి. అంటే వలస సంగతిలో ఆయన మాటను ఇప్పుడు సవరించుకోవాలి. వలస వేరు, దండయాత్ర వేరు, కులమంటే జాతి అనడం వేరు. ఈ మూడింటినీ కలిపి ముద్ద చేయకుండా విడివిడిగా చూడటం ఆయన దగ్గరే నేర్చుకోవాలి. ఇక శూద్రులు మొదట సూర్యవంశ క్షత్రియులే, బ్రాహ్మణులు ఉపనయనం ఆపేయడంవల్ల దిగజారారు అని ఆయన సొంతంగా చెప్పిన సిద్ధాంతాన్ని ఆర్.ఎస్.శర్మ లాంటి చరిత్రకారులు ఒప్పుకోలేదు. ఆ వాదమూ చదవాలి. చదివితే బాబాసాహెబ్‌కు అవమానం అనుకునేవాళ్లు ఆయన్ను చదవనివాళ్లు.

రెండేళ్లకు, 1948లో, అంటరానివారు అనే పుస్తకం. అంటరానివాళ్లు వేరే జాతి అన్న సిద్ధాంతాన్ని తీసుకుని, ఘుర్యే సేకరించిన ముక్కు కొలతల పట్టికలతోనే దాన్ని పడగొట్టారు. కొలతలు చూస్తే ఒక ప్రాంతపు బ్రాహ్మణుడూ అంటరానివాడూ ఒకే జాతి. అతను ఆర్యుడైతే ఇతనూ ఆర్యుడే, అతను ద్రావిడుడైతే ఇతనూ ద్రావిడుడే అన్నారు. (ముక్కు కొలిచి జాతి చెప్పే విద్య ఇవాళ శాస్త్రం కాదు. ఆనాడు దాన్ని నమ్మినవాళ్ల కొలబద్దతోనే వాళ్లకు జవాబిచ్చారు.) తర్వాత తన ప్రతిపాదన చెప్పారు. ఛిన్నాభిన్నమైన తెగల జనం బౌద్ధులుగా ఉండి, గొడ్డుమాంసం మానకపోవడంవల్ల వెలి అయ్యారని. ఇది మనకు ఎంతో ఇష్టమైన సిద్ధాంతం. మన పూర్వీకులు బౌద్ధులే అని చెబుతుంది గదా! అయితే ఆయన దాన్ని ఏమని ఇచ్చారు? తెగిపోయిన లంకెలను ఊహతో కలిపానని, ఇదే ఆఖరి మాట అనడం లేదని, ఆలోచించదగిన ప్రతిపాదన అవునో కాదో మీరే చూడండని ముందుమాటలో రాశారు. మనం మాత్రం దాన్ని శిలాశాసనం చేసుకున్నాం.

అదే 1948లో, మద్రాసులో సైన్సు పాఠాలు చెప్పిన లక్ష్మీనరసు గారి ఎసెన్స్ ఆఫ్ బుద్ధిజం మూడో ముద్రణను ముందుమాట రాసి మళ్లీ వేయించారు. సనాతనులతోనూ, క్రైస్తవ ప్రచారకులతోనూ హేతువు పట్టుకుని వాదించిన మనిషి నరసు. ఆయన రాసిన బౌద్ధం బాబాసాహెబ్‌కు నచ్చడంలో వింత లేదు.

ఇక చివరి అయిదేళ్లు బుద్ధుడు ఆయన ధమ్మం రాయడంలో గడిచాయి. ఒంట్లో బాగాలేదు. చక్కెర వ్యాధి, కాళ్ల నొప్పులు, చూపు మందగించింది. అయినా ఇక్కడా అదే పద్ధతి. హిందూ పురాణాలను ప్రశ్నించి, బౌద్ధ గాథలను కళ్లు మూసుకుని ఒప్పుకుంటే అది న్యాయమా? సిద్ధార్థుడు ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి ఇల్లు వదిలాడని అన్ని దేశాల బౌద్ధులూ చెప్పుకునే కథ. ఇరవై తొమ్మిదేళ్ల మనిషి అప్పటిదాకా వాటిని చూడకుండా ఎలా ఉంటాడు, రోజూ వందల్లో జరిగేవే గదా అని అడిగారు. దాని బదులు రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులకూ కోలియులకూ వచ్చిన తగాదాను, యుద్ధం వద్దన్నందుకు సిద్ధార్థుడు దేశం వదలాల్సి రావడాన్ని ముందుకు తెచ్చారు. ధర్మానంద కోశాంబి అంతకుముందే ఆ దారి చూపించారు. ఏది బుద్ధుడి మాట అని గుర్తించడానికి కొలత కూడా పెట్టారు. హేతువుకు నిలవాలి, మనిషి మేలుకు సంబంధించి ఉండాలి. తనకు నిశ్చయంగా తెలిసినవాటిని బుద్ధుడు నిశ్చయంగా చెప్పాడు, తెలియనివాటి మీద తాత్కాలికమైన అభిప్రాయమే చెప్పాడు, ఈ తేడా చూసుకోండి అన్నారు. కాలాములకు బుద్ధుడు చెప్పిందీ ఇదే గదా. విన్నామని, గ్రంథంలో ఉందని, గురువు చెప్పాడని ఒప్పుకోవద్దని. పుస్తకం వచ్చాక కొందరు బౌద్ధ పండితులు ఇది బుద్ధుడి ధమ్మం కాదు, అంబేద్కర్ ధమ్మం అని కోప్పడ్డారు.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష. మన తాతలు, తండ్రులు కొందరు ఆ నేల మీద నిలబడ్డారు. ఆ తర్వాత ఆయన బతికింది ఏడు వారాలే.

డిసెంబర్ 5 రాత్రి ఢిల్లీలో అలీపూర్ రోడ్డు ఇంట్లో ఆ పుస్తకం ముందుమాటా, పరిచయమూ టైపు చేసిన కాగితాలు మంచం పక్కన పెట్టించుకున్నారు. ఒకసారి చూసుకుని దిద్దుదామని. తెల్లారేసరికి ఆయన లేరు. పుస్తకం 1957లో అచ్చయింది. ఆ పరిచయం రెండు మూడు పేజీలే. అందులో నాలుగు ప్రశ్నలున్నాయి. సిద్ధార్థుడు ఇల్లు ఎందుకు వదిలాడు? నాలుగు ఆర్యసత్యాలు బుద్ధుడి మొదటి బోధలో ఉన్నవేనా? ఆత్మ లేదన్నప్పుడు కర్మ, పునర్జన్మ ఎలా కుదురుతాయి? భిక్షువును తయారుచేసింది తన నిర్వాణం కోసమా, జనానికి సేవ చేయడానికా? వీటికి తాను అనుకున్న జవాబులు పుస్తకంలో ఇచ్చారు. పరిచయంలో మాత్రం, చదివినవాళ్లు ముందుకొచ్చి ఈ ప్రశ్నలను తేల్చడంలో తమ పాలు పంచుకోవాలని కోరారు.